తెల్ల రవ్వ ముగ్గు

ఆయుధ పూజ రోజు పొద్దున షట్టరు సగం ఎత్తి, తక్కెడకు బొట్టు పెడుతున్నాను. షట్టరు కింద రెండు కాళ్ళు కనిపించాయి. లోపలికి రావు, ముందుకూ పోవు. వంగి చూస్తే మా మైదుకూరు అవతల పల్లెలో ఉండే పసుపు రైతు. భుజం మీద తువ్వాలు, తువ్వాలు కింద గుడ్డ సంచి. సంచిలో ఏముందో నేను అడగలేదు. వాసన అప్పటికే అంగట్లోకి వచ్చేసింది.

"శెట్టీ, ఒక మాట చెప్పు. ఈ పసుపు ఆ యింటికి ఇయ్యొచ్చునా, ఇయ్యగూడదా?"

ఆ ఇల్లంటే మా హార్డువేరు అంగడి వెనక సందులో చివరి ఇల్లు. ఏటా ఈ రోజున ఈ రైతు తన తోటలో పండిన పసుపు కొట్టించి ఆ ఇంట్లో ఉండే మిషనుకు తెచ్చిస్తాడు. ఈ ఏడు ఎండాకాలంలో ఆ ఇంటాయన పోయాడు. ఏడాది తిరిగేదాకా వాళ్ళకు పండగ లేదు. పైగా భర్త పోయిన ఆడమనిషి ఇంటికి పసుపు చేతబట్టుకుని పోవడమంటే మా వైపు ఎవరూ చేయని పని. ప్రేమతో ఇచ్చినా చెంపదెబ్బ కొట్టినట్టే ఉంటుంది. ఇవ్వకుండా ఊరుకుంటే, ఆయనతోనే మన సంబంధమూ పోయిందని చెప్పినట్టు ఉంటుంది.

"నాకేం తెలుసప్పా" అన్నాను. నిజంగానే తెలియదు.

రైతు రంగు డబ్బాల మీద కూలబడ్డాడు. నా వేలికి కుంకుమ అట్లాగే ఉంది. ఇట్లాంటి సందేహం వస్తే నేను పోయి అడిగేది ఆయన్నే. ఇప్పుడు సందేహమే ఆయన ఇంటి గురించి.

ఆయన్ని నేను మొదటిసారి చూసింది జల్లెడలోంచి. మా అంగట్లో ఇత్తడి తీగ జల్లెడ ఒకటి తీసుకుని, ఒక కన్ను మూసి, వీధి వెలుగుకేసి ఎత్తి పట్టుకున్నాడు. బొటనవేలి గోరు జల్లెడ మీద ఆనించి ఏదో లెక్కపెట్టుకున్నాడు. చాలాసేపటికి దించి, "పడుగు బాగుండాది శెట్టీ. పేకనే వదులు" అన్నాడు.

తీగ జల్లెడకు పడుగేమిటి, పేకేమిటి? మగ్గం మీద చీర కాదు కదా! తర్వాత తెలిసింది, వాళ్ళది నేత కుటుంబమని. ఆయన మగ్గం ఎక్కలేదు. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాల రిపేరు పనిచేసి, మానేసి ఇక్కడికి వచ్చాడు. మగ్గం వదిలినా కన్ను మాత్రం మగ్గం దగ్గరే ఉండిపోయింది. నేను ఎన్ని కంపెనీల జల్లెడలు తెప్పించినా వాటికి పడుగూ పేకా చూడకుండా కొన్న పాపాన పోలేదు. దోమతెర, పిండి జల్లెడ, రాళ్ళ జల్లెడ, అన్నీ కావాలి. మిల్లు లేదు, పిండి గిర్ని లేదు. ఇన్ని జల్లెడలు ఏం చేసుకుంటాడు ఈ మనిషి?

నాకు పక్కవాళ్ళ సంగతి తెలుసుకోకపోతే తిన్నది అరగదు. ఒకరోజు ఆయన మరచిపోయిన మేకుల పొట్లం ఇచ్చే నెపంతో ఇంటికి పోయాను. పొట్లం ఆయన మరచిపోయాడా, నేను సంచిలో వేయడం మరచిపోయానా అనేది వేరే కథ.

పెరట్లో పాత ఫ్రిజ్జు ఒకటి వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. దాని తలుపుకు అద్దం బిగించాడు. పక్కన రెండు కంతలు, వాటికి మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు. ఒక కంప్రెసరు, దాన్నుంచి ఫ్రిజ్జులోకి ట్యూబు, ట్యూబు చివర గన్ను. తుప్పు పట్టిన బండి ట్యాంకు లోపల పెట్టి, తొడుగుల్లోకి చేతులు దూర్చి, గాలితో పాటు గరుకైన రవ్వను దాని మీదికి కొడుతున్నాడు. అద్దంలోంచి చూస్తే తుప్పు కొంచెం కొంచెంగా లేచిపోయి, లోపలి ఇనుము బూడిద రంగులో బయటపడుతోంది. నేను పొట్లం చేత్తో పట్టుకునే చాలాసేపు నిలబడ్డాను.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. కొట్టిన రవ్వంతా కింద పడుతుంది కదా. అందులో తుప్పు, రంగు పెచ్చులు, నలిగి పిండయిన రవ్వ, అన్నీ కలిసి ఉంటాయి. వేరేవాళ్ళయితే పారబోస్తారు. ఈయన ముఖానికి తడిగుడ్డ కట్టుకుని, నన్ను గాలికి ఎగువన నిలబెట్టి, ముందు దోమతెర జల్లెడలో పోశాడు. పెచ్చులు పైన నిలిచాయి. కిందపడినదాన్ని సన్న జల్లెడలో పోశాడు. దుమ్ము కిందికి పోయింది. జల్లెడలో మిగిలినదాన్ని దోసిట్లోకి తీసుకుని నాకు చూపించాడు.

"పైన నిలిచేది చెత్త. కిందికి పోయేది దుమ్ము. నడుమ ఉండేదే మనది శెట్టీ."

"ఏటి నిండా ఇసుక ఉంటే దీనికెందుకప్పా ఇంత తంటా?" అన్నాను.

"ఏటి ఇసకతో కొడితే ఇనుము కంటే ముందర నా ఊపిరితిత్తులు తెల్లబడతాయి. అది నాకొద్దు" అని, గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి రవ్వలో తిప్పాడు. ఇనుప నలుసులు దానికి ఎలుగుబంటి వెంట్రుకల్లాగా లేచి నిలబడ్డాయి. పక్కకు పోయి గుడ్డ విప్పగానే అన్నీ రాలిపోయాయి. నాకు భలే సరదా వేసి ఇంకోసారి చేయమన్నాను. చేశాడు.

అప్పటినుంచి మధ్యాహ్నం అంగడి మూయగానే నా కాళ్ళు అటే పోయేవి.

ఆ పెరట్లో రెండు డ్రమ్ములు ఉండేవి. ఒకదాంట్లో ఎర్ర రవ్వ, అది ఇనుముకు. రెండోదాంట్లో తెల్ల రవ్వ, అది ఇత్తడికి, కంచుకు, అల్యూమినియానికి. ఎర్రది తాకిన చేత్తో తెల్లది తాకకూడదు. ఎర్రది జల్లించిన జల్లెడ తెల్ల డ్రమ్ము దరిదాపుల్లోకి రాకూడదు. తెలియక ఒకసారి రెండింట్లోనూ చేయి పెట్టాను. ఆయన నన్ను కుళాయి దగ్గరికి తీసుకుపోయి సబ్బుతో చేతులు కడిగించాడు. మా నాయనమ్మ మడి కట్టుకున్నప్పుడు కూడా నన్ను అంత దూరం నిలబెట్టలేదు. ఒక్క ఇనుప నలుసు తెల్ల రవ్వలో కలిసినా, అది పోయి అల్యూమినియంలో దిగబడి, నెల తిరక్కుండా తుప్పు మచ్చ లేస్తుందట.

వంటింట్లోంచి ఆయన భార్య అనేది: "నా వంటింట్లో లేని మడి ఈయప్ప డ్రమ్ముల్లో ఉండాది శెట్టన్నా! నా రాగిపిండి జల్లెడ యాడ పాయనో అడుగు."

ఆయన వినపడనట్టు ఉండేవాడు. ఆ రాగిపిండి జల్లెడ ఎర్ర డ్రమ్ము వెనక దొరికేది. అది ఇక రాగిపిండికి పనికిరాదు కనుక ఆమె మా అంగడికి వచ్చి ఇంకొకటి కొనేది. ఆ దంపతుల పోట్లాట నా వ్యాపారానికి బాగా కలిసొచ్చింది.

టీ అడిగితే కాదనడు, అడక్కపోయినా ఇస్తాడు. రవ్వ దగ్గర మాత్రం పిల్లికి బిచ్చం పెట్టడు. పని అయిపోగానే గోనెపట్టా పరుచుకుని, దాని మీద నిలబడి చొక్కా దులుపుకునేవాడు, జేబులు బయటికి తీసేవాడు, ప్యాంటు మడతలు విప్పేవాడు. రాలినదంతా మళ్ళీ జల్లెడలోకే. చొక్కా జల్లించుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మాటలను కూడా అట్లాగే చేసేవాడు. ఊళ్ళో పుట్టిన పుకారు నా నోట్లో నానదు కదా, వేడివేడిగా మోసుకుపోయి ఆయన ముందు పెట్టేవాణ్ణి. అంతా విని, "నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్పినారా?" అనేవాడు. ఎవరో చెప్పారని నేనంటే, "అయితే ఇంకొకసారి జల్లించుకోని రా" అని తొడుగుల్లోకి చేతులు దూర్చేవాడు. నాకు ఒళ్ళు మండేది. మళ్ళీ మరునాడు పోయేవాణ్ణి.

పసుపు రైతు సంగతి ఇప్పుడు చెప్పాలి.

అది కూడా ఆయుధ పూజ రోజే, కొన్నేళ్ళ కిందట. ముందురోజు సాయంత్రమే ఆయన పనిముట్లన్నీ కడిగి తుడిచి వరసగా పెట్టుకున్నాడు. ఆ రోజు వాటికి సెలవు. పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాక, మర్నాడు మళ్ళీ మొక్కి చేతికి తీసుకునేదాకా ఎవరూ ముట్టకూడదు. జల్లించి, కడిగి, ఎండబెట్టిన తెల్ల రవ్వ పెద్ద బేసిన్లో కంప్రెసరు పక్కనే ఉంది.

పండక్కని కోయిలకుంట్ల నుంచి ఆయన అత్త వచ్చింది. తెల్లవారకముందే లేచి, పెరడంతా పేడనీళ్ళు చల్లి, ముగ్గుపిండి కోసం చూసింది. బేసిన్లో తెల్లగా, నిండుగా ఉంది. ఇంకేం!

నేను టెంకాయ పట్టుకుని పోయేసరికి కంప్రెసరు ముందు రథం ముగ్గు వేసి ఉంది. ఆ మూల నుంచి ఈ మూలకు. నడిమధ్య గళ్ళల్లో పసుపు, కుంకుమ. ముసలమ్మ నడుం మీద చేయి పెట్టుకుని చూసుకుంటోంది.

"ఈ పిండి శానా బాగుండాది నాయనా! వేళ్ళసందున నీళ్ళ మాదిరి జారతాండాది. గాలికి కూడా లేయడంలేదు. యాడ కొన్నారు?"

బేసిను అడుగు కనిపిస్తోంది. ఆయన ముఖం చూశాను. కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు. ఇంట్లోకి పోయి స్టూళ్ళు తెచ్చి ముగ్గు నాలుగు మూలలా పెట్టి, చుట్టూ తాడు కట్టాడు. "ఎవరూ తొక్కబాకండి" అన్నాడు.

ముసలమ్మ పొంగిపోయింది. "చూసినావా, ఇన్నేండ్లకు నా ముగ్గు విలువ మా అల్లుడికి తెలిసొచ్చింది" అని నాతో అంది. లోపల ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. రాత్రి అత్త పడుకున్నాక మెల్లగా ఎత్తుకుందామని ఆయన ఆలోచన.

అట్లాగే జరిగేది. కానీ టెంకాయ కొట్టగానే పసుపు రైతు వచ్చాడు. అప్పటికి అతనెవరో మాకు తెలియదు. మోటారు సైకిలు మీద గోనెసంచి. సంచి విప్పితే బోరు పంపులోని కంచు చక్రాలు, ఒక్కొక్కటి సున్నం గారపట్టి, రాతిముద్దల్లాగా ఉన్నాయి. మా వైపు బోరునీళ్ళు అట్లాంటివి.

"అన్నా, పంపు నీళ్ళు లాగడంలేదు. పసుపు ఆకులు చుట్టలు చుట్టుకుంటాండాయి. మోటారు ఎత్తేవాళ్ళు రేపు మధ్యాన్నం దాకానే ఉంటారంట. మళ్ళీ వాళ్ళు దొరకల్లంటే పండగలన్నీ అయిపోవల్ల. కొత్తవి కొందామంటే అంగళ్ళు మూసిండారు. యాసిడ్లో యేస్తే కంచును కూడా తినేస్తాది అంటాండారు. నువ్వే ఏమన్నా చేయల్ల."

ఆయన ఒక చక్రం తీసుకుని వెలుగుకేసి పట్టుకున్నాడు. ఎర్ర రవ్వతో కొడితే అంచులు అరిగిపోతాయి. కావలసింది తెల్ల రవ్వ. అది నేల మీద రథమై కూర్చుంది. పనిముట్లకు సెలవు. పండగ పూట పట్టపగలు ముగ్గు చెరిపితే ముసలమ్మ ఊరుకోదు. చెరపకుండా ఉంటే పసుపు ఎండిపోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆయన పోయి అత్త ముందు గొంతు కూర్చున్నాడు.

"అత్తా, నువ్వేసిన ముగ్గు నాకు కావల్ల."

"కావల్లంటే ఫోన్లో పటం తీసుకో నాయనా. నేనొద్దంటినా?"

"పటం గాదత్తా. ముగ్గే కావల్ల. అది ముగ్గుపిండి గాదు. నా రవ్వ."

ముసలమ్మ ఆయన్ని చూసింది, ముగ్గును చూసింది, తాడును చూసింది. తాడు ఎందుకు కట్టాడో అప్పుడు అర్థమైనట్టుంది. ముఖం చిన్నబోయింది. ఆమెను అట్లా చూడటం నాకు కష్టంగా అనిపించింది. పొద్దున్నుంచి ఆమె సంతోషం చూసినవాణ్ణి కదా.

రైతు సున్నం పట్టిన ఇంకో చక్రం చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు. ముసలమ్మ అతని చేతులకేసి చూసింది.

"ఏం పైరప్పా నీది?"

"పసుపమ్మా."

ఆమె లేచి, తాడు విప్పి పక్కన పడేసింది. "పసుపు తోట ఎండిపోతాంటే, మిషనుకు పసుపు పూసుకోని నేనీడ ముగ్గు చూసుకుంటా కూచుంటానా? చీపురు గాదు, కుంచె తే. చాట తేపో."

కూతురు చాట తెచ్చింది. ఆయన మాత్రం కదల్లేదు. "జల్లెడలకు కూడా బొట్టు పెట్టినాం గదా. ఈపొద్దు ముట్టగూడదే" అన్నాడు.

భార్య వరసలోంచి ఒక జల్లెడ లాగింది. "ఇది నా రాగిపిండి జల్లెడ. నా వంటింటిది, నీ ఎర్ర రవ్వ ఇంకా ముట్టలేదు. ఆయుధమని ఎవరు చెప్పినారు నీకు?"

నేను ఎన్నో పూజలు చూశాను. అట్లాంటి ఆయుధ పూజ మాత్రం చూడలేదు. ముగ్గు గీత గీతా కుంచెతో ఎత్తాం. నీళ్ళల్లో వేస్తే పేడ తేలిపోయింది, మట్టి కరిగిపోయింది. మిద్దె మీద పరిస్తే మా ఎండకు ఎంతసేపు, మధ్యాహ్నానికి గలగలలాడింది. ముసలమ్మ చాట పట్టుకుని చెరగడం కాదు, నేమింది. చాట పక్కలకు కదిలిస్తుంటే రవ్వ ఒక వైపుకు, చిన్న రాళ్ళు ఒక వైపుకు వాటంతటవే నడిచిపోయాయి. ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అత్తా, ఇంకొకసారి" అన్నాడు, నేను అయస్కాంతం దగ్గర అన్నట్టే. ఆమె చేసింది. పొద్దున చిన్నబోయిన ముఖం మళ్ళీ విప్పారింది.

సాయంత్రానికి రవ్వ డ్రమ్ములోకి చేరింది. కుంకుమ అంటి కొంచెం గులాబి రంగుకు తిరిగింది. "పండగ చేసుకోని వచ్చింది" అన్నాడాయన. మర్నాడు తెల్లారగానే మొక్కి, గన్ను చేతికి తీసుకున్నాడు. ఎండ ముదిరేలోపల చక్రాలన్నీ కంచు రంగులో మెరుస్తూ రైతు సంచిలోకి పోయాయి. ఆ సాయంత్రం రైతు ఫోన్ చేశాడు. ఫోన్ నీళ్ళ దగ్గర పెట్టి, తోటలోకి పారుతున్న చప్పుడు వినిపించాడు.

ఆ మరుసటి ఏటినుంచి అది ఆ ఇంటి ఆచారం అయిపోయింది. ముసలమ్మ కోయిలకుంట్ల నుంచి వచ్చి తెల్ల రవ్వతోనే రథం వేసేది. ఆయన తాడు కట్టేవాడు. రైతు పసుపు తెచ్చేవాడు. మర్నాడు రవ్వ ఎత్తి జల్లించేవాళ్ళు. ఆయన ఇంట్లో పండగ కూడా వృథా పోయేది కాదని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఈ ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. పోయి చూస్తే పెరట్లో గోనెపట్టా పరిచి ఉంది, దాని మీద పిడికెడు రవ్వ. దులుపుకుని, దాన్ని జల్లించకుండా పోయి పడుకున్నాడన్నమాట. నాకు ఏడుపొచ్చింది అప్పుడే. ఆయన్ని చూసి కాదు, ఆ పిడికెడు రవ్వను చూసి.

"పదప్పా, పోదాం" అన్నాను డబ్బాల మీద కూర్చున్న రైతుతో. "ఇయ్యాల్నో వద్దో ఆడికి పోయినాక తెలుస్తాది."

గడపకు తోరణం లేదు. వాకిట్లో ముగ్గు లేదు. ముసలమ్మ మోకాళ్ళ నొప్పులని రాలేదట. ఆయన భార్య పెరట్లో కూర్చుని ఉంది. కంప్రెసరు, గన్ను, తొడుగులు, జల్లెడలు అన్నీ కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. ఆయన పెట్టిన వరసలోనే. డ్రమ్ముల పక్కన ఎవరివో తుప్పు పట్టిన రిమ్ములు కూడా ఉన్నాయి. అంటే పని ఆగలేదు. నా అంగడి వెనక సందులోనే జరుగుతున్నా నాకు తెలియని సంగతి ఒకటుందన్నమాట!

రైతు సంచిని తువ్వాలు కిందికి ఇంకొంచెం జరుపుకున్నాడు.

"ఏమప్పా, దాచుకుంటాండావు? వాసన దాచేదానికి అవుతుందా?" అంది ఆమె.

"వదినా... ఇది నీకని గాదు..." అన్నాడతను. నేను నేలకేసి చూశాను.

"నాకు గాదని తెలుసు లే. మిషనుకు గదా. మైల మనుషులకు గానీ మిషనుకేం మైల? ఇట్ల తే."

సంచి అందుకుంది. వరసలోంచి అన్నిటికంటే సన్న జల్లెడ తీసి పళ్ళెం మీద పెట్టి, పసుపు పోసి ఆడించింది. సన్న పసుపు కిందికి దిగింది. జల్లెడలో ముతక పలుకులు మిగిలాయి. ఆమె వాటిని వేలితో కదిపి చూసి, తల ఎత్తింది.

"ఏందప్పా ఇంత ముతకగా ఆడించినావు? ఆయప్ప ఉంటే దీన్ని వాకిట్లోనుంచే వెనక్కి పంపించేటోడు!"

దినాల రోజున ఒక్క చుక్క కన్నీరు పెట్టని రైతు ఆ తిట్టుకు తువ్వాల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆమె అతన్ని ఊరడించలేదు. అరచేతిలో పసుపు నీళ్ళు కలిపి కంప్రెసరుకు పూసింది. గన్నుకు పూసింది. ఆ పచ్చని అరచేతులకేసి నేను చూస్తుండటం ఆమె గమనించింది. టెంకాయ నా చేతికిచ్చింది.

నేను కొట్టాను. హారతి కళ్ళకద్దుకున్నాం.

బయల్దేరుతుంటే ఆమె రైతును పిలిచి, జల్లెడలో మిగిలిన ముతక పలుకులను అతని తువ్వాలు కొంగులో పోసి ముడి వేసింది.

"పారేయబాక. ఇంకొకసారి ఆడించుకోని తేపో."